అంబాసిడర్ డోర్ ప్యాడ్లు, మన గోడ బొమ్మ

పోస్టు పెద్దదే. హాస్టల్లో రాత్రి అన్నం తిన్నాక నిదానంగా చదవండి, ఇప్పుడే లైకు కొట్టేసి వెళ్ళిపోకండి.

మొన్న గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, నువ్వు డీఎడ్ చేసి వైజాగ్‌లో కార్ల సీట్లు కుడుతున్నావంట, నిజమేనా?" అని. నిజమే తమ్ముడూ. అడగడంలో తప్పేం లేదు. కానీ కింద కామెంట్లలో నలుగురు ఏడుపు బొమ్మలు పెట్టారు. ఈ పోస్టు ఆ నలుగురి కోసం. గత నెల నేను చేసిన ఒక పని గురించి చెప్పాల్సింది చాలా ఉంది. అందులో ఒక విషయం మీద మీ అందరి మాటా నాకు కావాలి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మాది సీతంపేట ఏజెన్సీ, సవరలం. ఆశ్రమ పాఠశాల, పాలకొండలో ఇంటరు, తర్వాత డీఎడ్. ఏజెన్సీ డీఎస్సీలో పోస్టు వస్తుందని మా అయ్య జీడితోట మీద అప్పు తెచ్చి మరీ చదివించాడు. 2020లో జీవో 3 మీద తీర్పు వచ్చాక మన డీఎడ్ వాళ్ళ పరిస్థితి ఏమైందో ఈ గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు. వైజాగ్ వచ్చి కోచింగ్‌లో చేరాను. రూము అద్దె కోసం సాయంత్రాలు ఆటోనగర్ వైపు ఒక సీట్ వర్క్స్ షాపులో పనికి కుదిరాను. కోచింగ్ అయిపోయింది, షాపు మిగిలింది. నాలుగో ఏడు నడుస్తోంది. నోటిఫికేషన్ వస్తే పరీక్ష రాస్తాను, రాయనని ఎవరికీ చెప్పలేదు.

షాపు ఓనర్‌ని అందరం ఉస్తాద్ అనే పిలుస్తాం. అరవై దాటాయి. కత్తెర పట్టుకుంటే చెయ్యి వణకదు, టీ గ్లాసు పట్టుకుంటే వణుకుతుంది. మామూలుగా మా దగ్గరకి వచ్చేవి ట్యాక్సీల సీట్ కవర్లు, ఆటోల టాపులు, స్కూలు వ్యాన్ల సీట్లు. పాత కార్లు ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. అవి వస్తే ఉస్తాద్ మొహం వెలిగిపోతుంది, మా మొహాలు మాడిపోతాయి. పని ఎక్కువ, డబ్బు ఆలస్యం.

గత నెల వచ్చింది అంబాసిడర్. కొత్త నోవాలూ గ్రాండులూ కాదు, 1960ల నాటి మార్క్ 2. మీలో చిన్నవాళ్ళకి అంబాసిడర్ తెలియకపోవచ్చు. బెంగాల్లో ఉత్తర్‌పారా అనే చోట హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు చేసేవారు. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు అచ్చు అది. 1950ల చివర్లో మొదలై 2014 దాకా దాదాపు అదే ఆకారంతో వచ్చింది. మా చిన్నప్పుడు ఊరి కింద రోడ్డు మీద తెల్ల అంబాసిడర్ ఆగిందంటే ఆఫీసరైనా వచ్చుండాలి, ఓట్లవాడైనా వచ్చుండాలి. పిల్లలం కారు చుట్టూ మూగి అద్దంలో మొహాలు చూసుకునేవాళ్ళం. లోపల ఏముందో మాత్రం చూడనిచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆ కారు నాలుగు తలుపులూ విప్పి లోపల చెయ్యి పెట్టాను, అదో సరదా.

కారు యజమాని రిటైరైన పెద్దమనిషి. సార్ అని పిలుస్తాను, ఆయన నన్ను తమ్ముడూ అంటాడు. ఇంజను పని, టింకరింగు, పెయింటు అన్నీ అయిపోయాయి. మిగిలింది లోపల. సీట్లు ఇంతకుముందే ఎక్కడో చేయించాడు. మా దగ్గరకి వచ్చింది డోర్ ప్యాడ్ల కోసం. అంటే తలుపుకి లోపలివైపు మన మోచెయ్యి ఆనే అట్ట.

అట్టే కదా అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

పాత కార్లలో అది నిజంగా అట్టే. 3 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు, దాని మీద పల్చటి దూది లేదా ఫోము, పైన రెక్సిన్. వెనక అంచుల చుట్టూ స్ప్రింగు క్లిప్పులు, అవి తలుపు రేకులో ఉన్న చిల్లుల్లోకి దిగి పట్టుకుంటాయి. ఈ కారుకి విప్పి చూస్తే బోర్డు కింది సగం తడిసి ఉబ్బి, చేత్తో పట్టుకుంటే పొట్టులా రాలింది. క్లిప్పులు తుప్పు పట్టి బోర్డుని వదిలేసి రేకులోనే ఉండిపోయాయి. ఇంతకు ముందు ఎవరో మేకులు కొట్టి బిగించారు. మేకులు! తలుపు రేకుకి మేకులు కొట్టినవాడు మా షాపులో ఉంటే ఉస్తాద్ అదే మేకుతో వాణ్ణి గోడకి కొట్టేవాడు.

బోర్డు ఎందుకు తడుస్తుందో చాలామందికి తెలీదు. వాన పడితే నీళ్ళు అద్దం వెంబడి జారి తలుపు లోపలికి వెళ్తాయి. అది లోపం కాదు, ఏ కారులోనైనా అంతే. లోపలికి దిగిన నీళ్ళు బయటికి పోవడానికి తలుపు అడుగున చిన్న కంతలు ఉంటాయి. ఆ కంతలు మట్టితో పూడిపోతే నీళ్ళు నిలుస్తాయి. రేకు కుళ్ళుతుంది, బోర్డు వెనక నుంచి తడుస్తుంది. అందుకే తలుపు రేకుకీ బోర్డుకీ మధ్య ఒక ప్లాస్టిక్ కాగితం అంటించాలి. దాని కింది అంచు తలుపు లోపలికి మడిచి ఉండాలి, అప్పుడే నీళ్ళు లోపలికే జారతాయి. వంద రూపాయల కాగితం. రిపేరుకి విప్పినవాళ్ళలో ఎక్కువమంది దాన్ని చింపి పారేస్తారు, తిరిగి పెట్టరు. మన కొండ ఇళ్ళలో చూరు కిందికి వంచి ఎందుకు దించుతారో తెలిసినవాడికి ఇది వేరే చెప్పక్కర్లేదు.

మొదటి రెండు రోజులు విప్పడమే సరిపోయింది. అద్దం దించే హ్యాండిలుకి బయటికి స్క్రూ కనపడదు. హ్యాండిలు వెనక ఉన్న బిళ్ళని లోపలికి నొక్కి పట్టుకుంటే సన్నటి పిన్ను కనిపిస్తుంది. దాన్ని ములికితో తోసేస్తే హ్యాండిలు చేతికొస్తుంది. పిన్ను కింద పడి దొర్లితే ఆ రోజు పని అంతే. అందుకే విప్పేటప్పుడు కింద తెల్ల గుడ్డ పరుస్తాం. తర్వాత కంతలు తీగతో పొడిచి, తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, అద్దం ఎక్కించే మిషనుకి గ్రీజు పెట్టి, అద్దం పైకీ కిందికీ పది సార్లు తిప్పి చూశాం. ప్యాడ్ బిగించాక అద్దం కదలకపోతే మళ్ళీ అంతా విప్పాలి మరి.

తర్వాత ఫర్మా, అంటే అచ్చు. పాత బోర్డు బాగుంటే దాన్నే పెట్టి గీసుకోవచ్చు. ఈ కారుకి పాత బోర్డులు పొట్టు అయిపోయాయి. కాబట్టి మందపాటి బ్రౌన్ అట్ట తలుపు మీద ఆనించి, అంచు వెంబడి గీసి, చిల్లులు ఉన్నచోట వెనక నుంచి పెన్సిలు మొనతో గుర్తు పెట్టి, కత్తిరించాలి. కుడి తలుపు ఫర్మాని తిరగేస్తే ఎడమ తలుపుకి సరిపోవాలి, లెక్క ప్రకారం. కానీ అరవై ఏళ్ళ కారు. ఎన్నిసార్లు గుద్దుకుందో, ఎంతమంది టింకరింగ్ వాళ్ళు కొట్టి సరిచేశారో. కుడి ముందు తలుపుకీ ఎడమ ముందు తలుపుకీ మధ్య కింది మూలలో 7 మిల్లీల తేడా వచ్చింది. అందుకే ఉస్తాద్ పద్ధతి ఏ తలుపుకి ఆ ఫర్మా. నాలుగు తలుపులు, నాలుగు ఫర్మాలు, ప్రతిదాని మీద "ముందు కుడి, లోపలి వైపు" అని రాత. ఇందులో చదువుకున్నవాడి అవసరం ఉందని ఉస్తాద్ నన్ను ఎగతాళి చేస్తాడు. కానీ రాత మాత్రం నాతోనే రాయిస్తాడు.

బోర్డుకి మళ్ళీ హార్డ్‌బోర్డు వాడొచ్చు, చవక. తడికి ఆగదు. ఎండీఎఫ్ అయితే ఇంకా ఘోరం, నీళ్ళు తగిలితే రొట్టెలా ఉబ్బుతుంది. మేం 3 మిల్లీల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ తెచ్చాం. ఇంకా మందం ఎందుకు తీసుకోకూడదు, గట్టిగా ఉంటుంది కదా అని సార్ అడిగాడు. క్లిప్పు పొడవు 3 మిల్లీల బోర్డుకి సరిపడా ఉంటుంది, మందం పెరిగితే క్లిప్పు రేకు దాకా అందదు. కోసిన తర్వాత రెండు వైపులా, ముఖ్యంగా అంచులకి, వార్నిష్ రెండు కోట్లు. ప్లైవుడ్ నీళ్ళు తాగేది అంచు నుంచే. క్లిప్పు చిల్లులు డ్రిల్లు చేసేటప్పుడు 2 మిల్లీలు పక్కకి పోయినా క్లిప్పు దిగదు, బలవంతంగా కొడితే విరుగుతుంది. ఒక్కో తలుపుకి ఇరవై దాకా క్లిప్పులు. లెక్క వేసుకోండి.

ఇదంతా అయ్యేలోపు వారం గడిచింది. అప్పుడు సార్ ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు.

"తమ్ముడూ, నువ్వు శ్రీకాకుళం వైపు ట్రైబల్ అన్నావు కదా. ఇది మీ వాళ్ళ ఆర్టేనట. నాలుగు తలుపుల మీదా ఇది ప్రింటు వేయించు. కారు షోలో పెడితే అదిరిపోతుంది."

అది మా గోడ బొమ్మ. అక్కడే ఆగిపోయాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను, ఈ గ్రూపులో కోయ, జాతాపు, భగత, కొండదొర అన్ని తెగలవాళ్ళూ ఉన్నారు కదా. మా సవర ఇళ్ళలో గోడకి ఎర్రమట్టి పూసి, నానబెట్టిన బియ్యం నూరి, ఆ తెల్లటి పిండితో వెదురు పుల్లతో వేస్తారు. చుట్టూ గీతల అంచుతో ఒక చదరం. అది ఇల్లు. లోపల మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు. ఇంట్లో జబ్బు చేసినప్పుడో, పంట చేతికొచ్చినప్పుడో, పోయినవాళ్ళ పేరు మీదనో వేస్తారు. ఊరికే అందం కోసం కాదు. ఎవరి కోసం వేస్తున్నారో వాళ్ళు వచ్చి అందులో ఉంటారు. దాని ముందు కల్లు, బియ్యం పెడతారు. ఏం గీయాలో పూజారికి కలలో తెలుస్తుంది.

వెరియర్ ఎల్విన్ అని ఒకాయన ఒడిశా కొండల్లో మన సవరల మధ్య తిరిగి 1955లో పెద్ద పుస్తకం వేశాడు. అప్పటికే ఈ బొమ్మల్లో రైళ్ళు, విమానాలు కూడా గీసేవారని ఆయన రాశాడు. పోయినవాళ్ళు మాత్రం ఎప్పటికీ గుర్రం మీదే తిరగాలా, వాళ్ళకీ బండి కావాలి కదా. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. బొమ్మలోకి కారు రావడం మాకు కొత్త కాదు. కారులోకి బొమ్మ రావడం వేరే.

ఇంకో చిన్న మాట. కార్ల స్టిక్కర్ షాపుల్లో నల్లగా, మొనలు తేలి, మంట లాగా వంపులు తిరిగే స్టిక్కర్లు ఉంటాయి చూడండి. వాటిని "ట్రైబల్ డిజైన్" అంటారు. పసిఫిక్ దీవుల వాళ్ళ పచ్చబొట్ల నుంచి ఎవరో ఎత్తుకుని మార్చుకుంటూ పోగా వచ్చిన ముక్క అది. కొన్నవాడినీ అమ్మినవాడినీ ఏ ట్రైబు అని అడగండి, ఒక్కడూ చెప్పలేడు. మా గోడ బొమ్మ అలా కావడం నాకు ఇష్టం లేదు. ఆ మాట ఆ నిమిషంలో సార్‌కి ఎలా చెప్పాలో మాత్రం తోచలేదు. "ఆదివారం ఊరెళ్తున్నాను సార్, మా పెద్దాళ్ళని అడిగి చెప్తాను" అన్నాను.

"అడగడానికి ఏముంది? నెట్‌లో ఉంది. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అన్నాడు. అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

ఆదివారం ఊరెళ్ళాను. మా తాత, అంటే మా అయ్యకి చిన్నాన్న, బొమ్మలు వేసే మనిషి. ఇప్పుడు చూపు సరిగా లేదు. అరుగు మీద కూర్చుని ఫోనులో కారు తలుపు ఫోటో చూపించి, ఇది ఎక్కడ ఉంటుంది, మనిషి ఎలా కూర్చుంటాడు అంతా చెప్పాను. ఆయన చాలాసేపు ఏం అనలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, "కాలు ఎక్కడ ఆనుతాది?"

తలుపు కింది సగానికి బూటు తగులుతుంది, దిగేటప్పుడు అందరూ తంతారు అని చెప్పాను.

"మరి నీకు తెలిసే అడుగుతున్నావు కదరా" అన్నాడు.

కాసేపు అయ్యాక ఆయనే మళ్ళీ మాట్లాడాడు. చుట్టూ అంచు గీతలు వేసుకోవచ్చు అన్నాడు. అంచు గట్టు లాంటిది, గట్టు మీద దారిన పోయేవాడు ఎవడైనా కూర్చుంటాడు. లోపలి ఇల్లు మాత్రం అడిగి పిలవకుండా కట్టకూడదు. కట్టి ఎవరినీ పిలవకపోతే ఖాళీ ఇంట్లోకి ఎవరు వస్తారో చెప్పలేం. ఆయన ఇది సవరలో చెప్పాడు, నేను తెలుగులో రాస్తే సగమే వచ్చింది.

ఇది మా తాత మాట. సవరలందరి మాట అని నేను అనను. మా వైపే ఈ బొమ్మల్ని గుడ్డ మీద, కాగితం మీద వేసి స్టాళ్ళలో అమ్మేవాళ్ళు ఉన్నారు, వాళ్ళని నేను తప్పు పట్టను. వాళ్ళ చెయ్యి, వాళ్ళ బొమ్మ, వచ్చిన డబ్బు వాళ్ళ ఇంటికే పోతుంది. గోడకి తగిలించుకునే బొమ్మ వేరు, కాళ్ళ దగ్గర పెట్టే బొమ్మ వేరు. ప్రింటు వేసే మిషనుకి మాత్రం డబ్బు ఎక్కడికి పోవాలో తెలీదు.

తిరిగొచ్చాక సార్‌కి ఫోను చేసి చెప్పాను. బొమ్మ వేయను, అంచు మాత్రం వేస్తాను, అదీ ప్రింటు కాదు, కుట్టు. ఆయన "సరే చూద్దాం" అని పెట్టేశాడు. మర్నాడు షాపుకి ఇంకెవరో వచ్చి, సార్ వేరే చోట అడుగుతున్నారని చెప్పారు. అడ్వాన్సు 8,000 అప్పటికే ప్లైవుడ్డూ రెక్సిన్నూ అయిపోయింది. ఆ నెల షాపు అద్దె కట్టాలి. నాకు రూము అద్దె కట్టాలి. ఉస్తాద్ నన్ను తిడతాడనే అనుకున్నాను. గిరాకీ పోతే ఆయనకి నచ్చదు, ముందే చెప్పేవాడు, "బట్ట వాడిది, రంగు వాడిది, మనది సూది ఒక్కటే" అని.

ఆయన టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "ఎవరైనా వచ్చి నన్ను ఆయత్ రాసి తలుపు అడుగున కుట్టమంటే నేను కుడతానా?" అన్నాడు. అంతే. మళ్ళీ ఆటో టాపు కుట్టుకోడానికి వెళ్ళిపోయాడు.

మూడు రోజులు ఆ కారు తలుపులు ఊడదీసిన ఎముకల్లా షాపు ముందు నిలబడ్డాయి. నాలుగో రోజు సార్ వచ్చాడు. నా మాటలకి మనసు మారి రాలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. ప్రింటు షాపువాళ్ళు రెక్సిన్ మీద బొమ్మ వేసి ఇస్తారట గానీ బోర్డులు చెయ్యరు. ఇంకో సీట్ షాపువాడు నాలుగు ఫర్మాలు ఇస్తేనే పని ముట్టుకుంటానన్నాడట. ఫర్మాలు మా గోడకి వేలాడుతున్నాయి. "సరేలే తమ్ముడూ, ఆ అంచేదో చూపించు" అన్నాడు.

అంచు గీసింది మా చెల్లి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. తాత పక్కన కూర్చుని చిన్నప్పటి నుంచి చూసింది. ఆడపిల్లకి ఎందుకు అన్నవాళ్ళు ఉన్నారు, తాత అనలేదు. మూడు గీతలు, వాటి మధ్య వరసగా త్రికోణాలు. కాగితం మీద గీసి వాట్సాప్‌లో పంపింది. చూడ్డానికి చాలా బాగుంది, కుట్టడానికి మాత్రం పనికిరాదు. ఎందుకో చెప్తాను. రెక్సిన్ అంటే గుడ్డ మీద ప్లాస్టిక్ పూత. గుడ్డలో సూది దిగితే దారాలు పక్కకి జరిగి మళ్ళీ మూసుకుంటాయి. రెక్సిన్ పూతలో దిగిన చిల్లు చిల్లులాగే ఉండిపోతుంది. దగ్గర దగ్గరగా కుడితే పోస్టు స్టాంపు అంచులా అయిపోయి, నాలుగు ఎండలు తగలగానే అక్కడే చిరుగుతుంది. కాబట్టి కుట్టు 4 మిల్లీలకి తగ్గకూడదు, త్రికోణాల మొనలు ఒకదానికొకటి తగలకూడదు. చెల్లికి ఫోనులో ఇదంతా చెప్తే, "అయితే మీ సూదికి సరిపడా నేను గీయాలా?" అని ముందు పోట్లాడింది, తర్వాత రాత్రంతా కూర్చుని మొనలు దూరం జరిపి మళ్ళీ గీసింది. రెండోదే బాగుంది. మొదటిదాని కన్నా గాలి ఆడినట్టు ఉంది.

మా మిషనుకి పైన పాదం కూడా నడుస్తుంది, పైనా కిందా రెండూ కలిసి మెటీరియల్‌ని లాగుతాయి. మామూలు మిషను మీద రెక్సిన్ పైకి అతుక్కుని జరగదు, కింద ఫోము మాత్రం జరిగి ముడతలు పడుతుంది. 18 నంబరు సూది, తెల్ల నైలాన్ దారం. త్రికోణం మొన దగ్గరికి రాగానే సూదిని కిందికి దించి ఉంచి, పాదం లేపి, మెటీరియల్ తిప్పి, పాదం దించాలి. ఒక్కో తలుపు పట్టీకి 22 త్రికోణాలు వచ్చాయి. పట్టీ రంగు ఎర్రమట్టి రంగే తీసుకున్నాం, మూడు షాపులు తిరిగితే దొరికింది. పైన క్రీము, కింద ముదురు గోధుమ, మధ్యలో మూడు అంగుళాల ఎర్ర పట్టీ. మోచెయ్యి ఎత్తులో. కాలు అందదు.

అంటించడం గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే మీ ఊళ్ళలో ఎవరైనా జీపు సీట్లో, బండి సీట్లో చేసేవాళ్ళుంటే పనికొస్తుంది. సొల్యూషన్ రెండు వైపులా పూయాలి, బోర్డుకీ, ఫోముకీ. పూసిన వెంటనే అంటించేస్తే పట్టు ఉండదు. పది పదిహేను నిమిషాలు ఆగి, వేలితో తాకితే అంటకుండా ఉన్నప్పుడు కలపాలి. కలిపితే ఇక జరపలేం, అందుకే మధ్య నుంచి మొదలుపెట్టి అరచేత్తో అంచుల వైపు నొక్కుకుంటూ పోవాలి. రెక్సిన్ అంచు ఒక అంగుళం వదిలి వెనక్కి మడవాలి. మూలలు గుండ్రంగా ఉన్నచోట మడతలో ముక్కోణాలుగా కత్తిరించి తీసేయాలి, లేకపోతే గుట్టలా పోగవుతుంది. పిన్నులు కొట్టేవాళ్ళు జాగ్రత్త. 3 మిల్లీల బోర్డుకి 6 మిల్లీల పిన్ను కొడితే ముందువైపు పొడుచుకొస్తుంది. మేం వెనక అంతా సొల్యూషనే. చవక రకం వాడితే వైజాగ్ ఎండలో మూసిన కారులో కరిగి ఊడిపోతుంది. ఏప్రిల్‌లో కారు తలుపు తీసి చూడండి, ఎంత సెగ కొడుతుందో.

హ్యాండిలు చిల్లు అన్నిటికన్నా చివర. ముందు చిన్న గాటు, క్లిప్పులు బిగించి చూసి, సరిగ్గా కూర్చుందని తేలాకే పూర్తి చిల్లు. పాత మెరుపు బీడింగులు సార్ దాచిపెట్టాడు, పాలిష్ చేసి వాటినే పట్టీకి పైనా కిందా పెట్టాం. చివరి తలుపు చివరి క్లిప్పు "టక్" మని దిగినప్పుడు ఆ చప్పుడు వినాలి మీరు. పరీక్ష రిజల్ట్ వచ్చినప్పుడు కూడా నాకు అంత బాగా అనిపించలేదు, నిజం.

సార్ వచ్చి నాలుగు తలుపులూ తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూశాడు. మెచ్చుకోలు పెద్దగా ఏం లేదు. పట్టీ మీద వేలు పెట్టి, "దీనికి అర్థం ఏంటి?" అన్నాడు. గట్టు అని చెప్పాను. "గట్టా?" అని నవ్వాడు. షోలో ఎవరైనా అడిగితే గీసినామె సవర అమ్మాయి, సీతంపేట వైపు అని చెప్పమన్నాను. కాగితం మీద చెల్లి పేరు రాసి కారు డ్యాష్‌బోర్డు అరలో పెట్టాను. తీసి పారేస్తాడో, చెప్తాడో ఆయన ఇష్టం.

డబ్బు లెక్క అడుగుతారని తెలుసు, దాచను. మొత్తం 21,000. ప్లైవుడ్డు, రెక్సిను, ఫోము, క్లిప్పులు, సొల్యూషను, దారం, వార్నిషు, పాలిషు అన్నీ కలిపి 8,500. మిగిలిన 12,500లో సగం షాపుకి, సగం నాకు, అంటే 6,250. పది రోజుల పని. రోజుకి 625. ఎండలో మట్టి పని కన్నా నయం, టీచరు జీతం ముందు ఏమీ కాదు. ఇది చూసి ఎవరైనా చదువు మానేసి రండి అని నేను అనడం లేదు, అలా అర్థం చేసుకుంటే మా అయ్య నన్ను ఊళ్ళోకి రానివ్వడు. చెల్లికి విడిగా 3,000 ఇప్పించాను, లెక్కలో "డిజైన్" అని రాయించి. సార్ ఒకసారి నా వైపు చూసి ఇచ్చేశాడు. ఆ డబ్బుతో అది పరీక్ష ఫీజు కట్టింది, మిగిలినదానితో తాతకి కళ్ళజోడు చేయిస్తానంటోంది. డాక్టరు చూసి శుక్లం అంటే ఆపరేషనే, కళ్ళజోడు కాదు. చూడాలి.

ఇప్పుడు మీ మాట కావాల్సిన విషయం. ఆ పట్టీ ఫోటో సార్ ఎక్కడో పెట్టాడట. ఇంకో ఇద్దరు పాత కార్లవాళ్ళు ఫోను చేశారు. ఒకరిది ప్రీమియర్ పద్మిని, ఇంకొకరిది జీపు. ఇద్దరికీ "అదే సవర డిజైన్" కావాలట. అంచు వేయొచ్చని మా తాత అన్నది ఒక కారుకి. పది కార్లకి వేస్తే అది ఇంకా గట్టేనా, లేకపోతే స్టిక్కరా? చెల్లి అంటుంది, ప్రతి కారుకీ కొత్తగా గీస్తాను, ఒకటి ఇంకోదానిలా ఉండకూడదు అని. ఉస్తాద్ అంటాడు, అలా అయితే ప్రతిసారీ కొత్త కుట్టు లెక్క, రేటు పెంచు అని. మీ తెగల్లో ఇలాంటివి ఎలా తేల్చుకున్నారో రాయండి. గోండు, కోయ వాళ్ళు ముఖ్యంగా, మీ బొమ్మలూ మీ డోళ్ళూ ఇప్పటికే చాలా చోట్ల కనిపిస్తున్నాయి కదా. ఎవరిని అడిగారు, అడిగినవాళ్ళు ఏం అన్నారు, డబ్బు ఎవరికి పోయింది. జై ఆదివాసీ అని ఒక్క ముక్క రాసి వదిలేయొద్దు, విషయం రాయండి.

పని నేర్చుకుంటానని ఇద్దరు తమ్ముళ్ళు ఇన్‌బాక్స్‌లో అడిగారు. ఉస్తాద్‌కి చెప్పాను, రమ్మన్నాడు. మొదటి నెల కత్తెర ముట్టుకోనివ్వడు, పాత రెక్సిన్ పీకడం, క్లిప్పులు ఏరడం, సొల్యూషన్ డబ్బా మూత పెట్టడం, అంతే. మధ్యాహ్నం భోజనం షాపులోనే. రూములో నాతో ఒకరికి చోటుంది, ఇద్దరు వస్తే ఒకరు కింద పడుకోవాలి.